గ్రోమాక్స్‌ని సోర్స్ నుంచి బిల్డ్ చేసుకుంటే ఎలా ఉంటుంది: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

ప్రోటీన్లలోని పరమాణువుల కదలికలను కంప్యూటర్‌లో లెక్కగట్టే మాలిక్యులర్ డైనమిక్స్ సిమ్యులేషన్లకు గ్రోమాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లలో చాలామంది రెడీమేడ్ ప్యాకేజీ దింపుకుని పని మొదలుపెడతారు. ట్యుటోరియల్ స్థాయికి అది చాలు. నేను మాత్రం కొన్నేళ్లుగా ల్యాబ్ సర్వర్ల మీదా, క్లస్టర్ మీదా సోర్స్ కోడ్ నుంచే బిల్డ్ (ఆ మెషీన్‌కి తగ్గట్టు కంపైల్) చేసుకుంటున్నాను. కారణం ఒక్కటే, వేగం. ప్యాకేజీ తయారుచేసేవాళ్లు అది పాత ప్రాసెసర్ల మీద కూడా నడవాలని చూస్తారు. అందుకే ఏవీఎక్స్2, ఏవీఎక్స్-512 లాంటి, ఒకేసారి చాలా లెక్కలు చేసే కొత్త ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లను చాలాసార్లు పక్కన పెడతారు. గ్రోమాక్స్ బలమంతా వాటిలోనే ఉంది.

1990ల మొదట్లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ యూనివర్సిటీలో పుట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. ఇప్పుడు అభివృద్ధి ఎక్కువగా స్వీడన్‌లో జరుగుతోంది. బిల్డ్ సూచనలుండే మేక్‌ఫైల్ తెరిచి లైబ్రరీల దారులు చేత్తో దిద్దుకోవాల్సిన కోడ్‌లతో తంటాలు పడ్డవాళ్లకు దీని సీమేక్ (మెషీన్‌ని చూసి బిల్డ్‌కి కావాల్సిన అమరికలు తయారుచేసే టూల్) పద్ధతి హాయిగా ఉంటుంది. అయినా కొత్త మెషీన్ ఎక్కిన ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం పడుతూనే ఉంటుంది.

కొత్తవాళ్లు ముందుగా ఆగిపోయేది ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ అనే ఫూరియర్ ట్రాన్స్‌ఫామ్ లెక్కల లైబ్రరీ దగ్గర. లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసి ఉంటుంది, ఫోల్డర్‌లో ఫైళ్లూ కనిపిస్తుంటాయి, సీమేక్ మాత్రం 'ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ3ఎఫ్ దొరకలేదు' అంటుంది. చివర ఉన్న ఆ 'ఎఫ్' సింగిల్ ప్రెసిషన్‌కి (డబుల్ కంటే తక్కువ అంకెల కచ్చితత్వంతో లెక్కలు) గుర్తు. గ్రోమాక్స్ మామూలుగా వాడేది ఆ రకాన్నే. ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూని ఏ ఆప్షనూ ఇవ్వకుండా కంపైల్ చేస్తే వచ్చేది డబుల్ ప్రెసిషన్. ఎనేబుల్-ఫ్లోట్ ఆప్షన్‌తో మళ్లీ కంపైల్ చేస్తే సరిపోతుంది. అంత ఓపిక లేకపోతే గ్రోమాక్స్‌కే ఆ పని అప్పగించవచ్చు, దానికి 'బిల్డ్ ఓన్ ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ' అనే ఆప్షన్ ఉంది. కాకపోతే అది సోర్స్‌ని ఇంటర్నెట్ నుంచి దింపుకుంటుంది. బయటికి కనెక్షన్ లేని క్లస్టర్లలో అక్కడే ఆగుతుంది. అప్పుడు ఆ టార్ ఫైల్‌ని ముందే కాపీ చేసి పెట్టి, యూఆర్‌ఎల్ ఆప్షన్‌లో దాని దారి ఇవ్వాలి.

తర్వాతి తలనొప్పి కుడా (ఎన్‌విడియా గ్రాఫిక్స్ ప్రాసెసర్ల, అంటే జీపీయూల టూల్‌కిట్), జీసీసీ (సీ, సీ++ కంపైలర్) మధ్య పొత్తు కుదరకపోవడం. ఉబుంటు 24.04తో వచ్చేది జీసీసీ 13. కుడా 12.0 ఒప్పుకునేది జీసీసీ 12 వరకే. 'అన్‌సపోర్టెడ్ గ్నూ వెర్షన్' అని వస్తే జీసీసీ 12ని పక్కన ఇన్‌స్టాల్ చేసి, హోస్ట్ కంపైలర్‌గా దాన్ని చూపిస్తే చాలు. ఆ తనిఖీని దాటవేయించే ఫ్లాగ్ ఒకటుంది కానీ నేను దాని జోలికి పోను. ఇలా ఏది మార్చినా పాత బిల్డ్ ఫోల్డర్‌ని మొత్తం తీసేసి మొదటినుంచి చేయాలి. సీమేక్ క్యాష్‌లో పాత కంపైలర్ దారి అలాగే ఉండిపోతుంది. బిల్డ్ చేసేటప్పుడు కోండా (ప్యాకేజీ మేనేజర్) ఎన్విరాన్‌మెంట్ కూడా ఆపేయండి, లేకపోతే దాని లైబ్రరీలు మధ్యలో దూరతాయి.

కంపైల్ సగంలో 'సీసీ1ప్లస్ కిల్డ్' అని పడితే కోడ్‌లో తప్పు వెతకక్కర్లేదు. మెమరీ చాలక లైనక్సే కంపైలర్‌ని చంపేసింది. సమాంతరంగా నడిచే జాబ్‌ల సంఖ్య తగ్గిస్తే గట్టెక్కుతుంది.

ఇవన్నీ పని ఆపేసే ఎర్రర్లు, కాబట్టి నాకు వీటితో పెద్ద పేచీ లేదు. నా అసలు ఫిర్యాదు, అన్నీ బాగున్నట్టే కనిపిస్తూ రోజుల తరబడి మెషీన్ టైమ్ తినేవాటి మీద. జీపీయూ ఆప్షన్ ఇవ్వకపోతే బిల్డ్ శుభ్రంగా పూర్తవుతుంది, కానీ జీపీయూ సపోర్ట్ ఉండదు. 2021 వెర్షన్ నుంచి ఆ ఆప్షన్‌కి ఊరికే 'ఆన్' అనకుండా కుడా, ఓపెన్‌సీఎల్, సికిల్ లాంటి జీపీయూ ప్లాట్‌ఫామ్ పేరొకటి ఇవ్వాలి. పాత ట్యుటోరియల్స్‌లో ఇంకా 'ఆన్' అనే కనిపిస్తుంది.

క్లస్టర్‌లో మనం లాగిన్ అయి బిల్డ్ చేసే లాగిన్ నోడ్ ప్రాసెసర్ పాతదై, సిమ్యులేషన్లు నడిచే కంప్యూట్ నోడ్‌లది కొత్తదైతే మరో నష్టం. సీమేక్ తాను నడిచిన మెషీన్‌ని చూసి సిమ్డ్ స్థాయి (ఏవీఎక్స్2, ఏవీఎక్స్-512 లాంటివాటిలో ఏది వాడాలో) ఎంచుకుంటుంది. రన్ బాగానే సాగుతుంది, వేగం మాత్రం తక్కువ. హెచ్చరిక వస్తుంది కానీ అది లాగ్ ఫైల్ మొదట్లో ఎక్కడో ఉంటుంది, ఎవరు చదువుతారు? ఇదే తారుమారైతే నయం, 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని వెంటనే పడిపోతుంది. అలాగని ఏవీఎక్స్-512 ఎప్పుడూ మేలని కాదు. కొన్ని ఇంటెల్ చిప్‌లలో ఏవీఎక్స్2తోనే రోజుకి ఎక్కువ నానోసెకన్ల సిమ్యులేషన్ నడుస్తుంది. సందేహం ఉంటే రెండూ బిల్డ్ చేసి లాగ్ చివర ఉండే రోజుకి ఎన్ని నానోసెకన్ల లెక్కని పోల్చుకోవాలి.

అన్నిటికంటే చిరాకు పెట్టేది ఎంపీఐ, అంటే చాలా ప్రాసెస్‌లు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకుంటూ ఒకే పని చేసే పద్ధతి. ఎంపీఐ లేకుండా బిల్డ్ చేసిన ప్రోగ్రామ్‌ని ఎంపీఐరన్‌తో నాలుగు ప్రాసెస్‌లుగా నడిపితే ఒకే సిమ్యులేషన్ నాలుగుసార్లు మొదలవుతుంది. అన్నీ ఒకే పేరుతో ఫైళ్లు రాయబోతాయి. ఫోల్డర్‌లో హ్యాష్ గుర్తులతో బ్యాకప్ ఫైళ్లు కుప్పలుగా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. పేరు చివర 'ఎంపీఐ' ఉన్న ప్రోగ్రామ్ వేరే ఉంటుంది. దాన్ని ఏ ఎంపీఐతో బిల్డ్ చేశారో ఆ ఎంపీఐరన్‌తోనే నడపాలి.

బిల్డ్ సరిగా ఉందో పరీక్షించే మేక్ చెక్‌కి సమయం పడుతుందని చాలామంది వదిలేస్తారు. నేను వదలను, ముఖ్యంగా కంపైలర్ మారినప్పుడు. దానితోపాటు వెర్షన్ కమాండ్ కొట్టి ప్రెసిషన్, జీపీయూ, సిమ్డ్ వరుసలు చూస్తే నిమిషంలో సగం సందేహాలు తీరిపోతాయి.

కొత్త వెర్షన్‌ని పాతదాని మీద ఇన్‌స్టాల్ చేయకండి. కొత్తదానితో తయారైన టీపీఆర్ (సిమ్యులేషన్ ఇన్‌పుట్) ఫైల్‌ని పాతది చదవలేదు. ఒకే ప్రాజెక్ట్‌లో ఇద్దరు వేర్వేరు వెర్షన్లు వాడుతుంటే గొడవ అక్కడే మొదలవుతుంది. వెర్షన్ పేరుతో విడి ఫోల్డర్ పెట్టి, కావాల్సిన వెర్షన్‌ని షెల్‌కి చూపించే జీఎంఎక్స్‌ఆర్‌సీ ఫైల్‌ని జాబ్ స్క్రిప్ట్‌లోనే సోర్స్ చేసుకుంటే సర్వర్‌లో ఎన్ని వెర్షన్లున్నా ఇబ్బంది రాదు.