కప్ప ఫొటోకి ఏది మేలు: మామూలు వెలుగా, అతినీలలోహిత కాంతా?

దక్షిణ అమెరికాలో చుక్కల చెట్టుకప్ప ఒకటుంది. దానికి శాస్త్రీయ నామం పెట్టింది 1799లో. అది మెరుస్తుందని లోకానికి తెలిసింది మాత్రం 2017లో. బ్యూనస్ ఐరిస్ పరిశోధకులు అతినీలలోహిత టార్చ్ వేసి చూస్తే, పగలు లేతాకుపచ్చగా ఉండే ఆ కప్ప నీలిపచ్చగా వెలిగింది. దాని ఒంట్లోని హైలోయిన్ అనే అణువులు అతినీలలోహిత, నీలి కాంతిని పీల్చుకుని వేరే రంగులో బయటికి వదులుతాయి. సంధ్యవేళ కప్ప నుంచి వచ్చే వెలుగులో దాదాపు 30 శాతం ఇదేనట. ఇన్నేళ్లూ కళ్లెదుటే ఉన్నా ఎవరికీ తెలియని సంగతి ఇది. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అయినా, ఒక్క ఫొటోకే వీలుందంటే నేను మామూలు వెలుగులోనే తీస్తాను. ఏ జాతి కప్పో తేల్చుకోవడానికి చర్మం మీది గీతలు, కంటిపాప ఆకారం, వేళ్ల మధ్య పొర కావాలి. మెరుపులో ఇవన్నీ మసకబారతాయి. తొలకరి వానలకి మన చెరువు గట్ల మీద మగ బోదురుకప్పలు పసుపుపచ్చగా మారి, నీలి గొంతుసంచులు ఉబ్బించి అరుస్తుంటాయి. ఆ అందమంతా మామూలు వెలుగుదే.

మెరుపు ఫొటోకి ఖర్చూ ఓపికా ఎక్కువే. 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంతో వెలిగే అతినీలలోహిత టార్చ్ చవకగా దొరుకుతుంది కానీ, దాన్నుంచి ఊదా వెలుగు కూడా పడుతుంది. ఆ ఊదానే కప్ప మెరుపనుకుని పొరబడతాం. 365 నానోమీటర్ల టార్చ్, దాని ఊదా వెలుగుని ఆపే ఓ ఫిల్టర్, లెన్స్ ముందు అతినీలలోహితాన్ని ఆపే మరో ఫిల్టర్ ఉంటేనే ఫొటోని నమ్మొచ్చు. మెరుపు చాలా మసకగా ఉంటుంది కాబట్టి ఎక్స్‌పోజర్ సెకన్ల కొద్దీ పెట్టాలి, ఆలోగా కప్ప గెంతిందా, అంతే. ఒంటికి అంటుకున్న నూలుపోగు కూడా తెల్లగా మెరిసి మోసం చేస్తుంది.

రెండూ కుదిరితే ట్రైపాడ్ కదపకుండా ముందు మామూలు వెలుగులో ఒకటి, వెంటనే టార్చ్‌తో ఇంకొకటి తీయండి. పక్కపక్కన పెడితే ఏది చర్మం రంగో, ఏది మెరుపో తెలుస్తుంది. కప్పది పల్చటి చర్మం, కళ్లు సున్నితం. టార్చ్ కొద్ది సెకన్లే వేయండి, నేరుగా కళ్లలోకి వద్దు. ఫొటో సరిగా రాకపోతే ఆ రాత్రికి వదిలేయండి.