మూడుల్‌లో బిగ్‌బ్లూబటన్: తెలుగు మాధ్యమ తరగతిలో వాడి చూశాక

డిగ్రీ కళాశాలలో తెలుగు మాధ్యమ విద్యార్థులకు అర్థశాస్త్రం చెప్పే నేను కొన్నేళ్లుగా పాఠాలూ పరీక్షలూ ఆన్‌లైన్‌లో పెట్టుకునే వేదిక అయిన మూడుల్‌ను, దానిలో నుంచే తెరుచుకునే బిగ్‌బ్లూబటన్ ఆన్‌లైన్ తరగతిని వాడుతున్నాను. రెండూ ఎవరైనా ఉచితంగా వాడుకోగల, మార్చుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లే. 2022లో వచ్చిన మూడుల్ 4.0 నుంచి బిగ్‌బ్లూబటన్ అందులో భాగమైపోయింది కనుక ప్లగిన్ (అదనపు భాగం) విడిగా ఎక్కించుకునే పని తప్పింది. నా తరగతిలో చూపు లేని విద్యార్థి ఒకతను ఉన్నాడు. ఫోన్ డేటాతోనే పాఠం వినే పల్లెల పిల్లలు చాలామంది ఉన్నారు. ఏ సౌకర్యం బాగుందో, ఏది బాగాలేదో వీరి అనుభవాన్ని బట్టే ఇక్కడ చెబుతున్నాను.

డేటా విషయంలో ఫిర్యాదు లేదు. యాప్ దించుకోనక్కర్లేదు, బ్రౌజర్ చాలు. మైకు లేకుండా వినడానికి మాత్రమే చేరవచ్చు. ఇతరుల వెబ్‌క్యామ్‌లను, స్క్రీన్ షేరింగ్‌ను ఎవరికి వారు సెట్టింగుల్లో ఆపుకోవచ్చు. స్లయిడ్లు వీడియోగా కాక బొమ్మలుగా అందుతాయి కాబట్టి సిగ్నల్ కాస్త తగ్గినా పాఠం సాగుతుంది.

అసలు పరీక్ష, తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో మొదలవుతుంది. మా విద్యార్థి వాడేది ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ. బిగ్‌బ్లూబటన్ మనం ఎక్కించిన స్లయిడ్లలోని పాఠ్యాన్ని విడిగా తీసి స్క్రీన్ రీడర్‌కు అందిస్తుంది. ఇంగ్లీషు స్లయిడ్లకు ఇది చక్కగా పనిచేస్తుంది. తెలుగు దగ్గరకు వచ్చేసరికి మాత్రం, "సార్, స్లయిడులో ఏవో ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ చదువుతోంది" అని చాట్‌లో సందేశం వచ్చింది. ఆ పాఠం అచ్చు పనికి వాడే పాత డీటీపీ ఫాంటులో కొట్టించినది. అలాంటి ఫాంట్లలో తెరమీద తెలుగు కనిపించినా లోపల ఉండేవి రోమన్ అక్షరాల సంకేతాలే కనుక స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉండే యూనికోడ్‌లో తయారుచేసినా పీడీఎఫ్‌గా మార్చినప్పుడు వత్తులు, గుణింతాలు ఒక్కోసారి చెదిరిపోతాయి. అందుకని ప్రతి పీడీఎఫ్ నుంచి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూస్తాను. అక్కడ తెలుగు సరిగా రాకపోతే వినేవారికీ సరిగా రాదు. ఇంతకంటే నమ్మకమైన దారి, అదే పాఠాన్ని శీర్షికలు పెట్టి మూడుల్‌లో పేజీగా ఉంచడం. ఎన్‌వీడీఏలో హెచ్ కీ నొక్కుతూ ఒక శీర్షిక నుంచి మరొక శీర్షికకు వెళ్లవచ్చు. ఫోన్‌లో చదివేవారికి కూడా అక్షరాలు తెర వెడల్పుకు సర్దుకుంటాయి. ఇక రాతను మాటగా పలికించే ఈస్పీక్ తెలుగు గొంతు యాంత్రికంగానే ఉంటుంది. నాకు రెండు వాక్యాలకే విసుగు పుడుతుంది గాని, మా విద్యార్థి నేను అందుకోలేనంత వేగంతో పెట్టుకుని హాయిగా వింటాడు.

వైట్‌బోర్డు మీద గీసినది ఏ స్క్రీన్ రీడరూ చదవదు; స్క్రీన్ షేరింగ్ కూడా వట్టి వీడియోయే. డిమాండ్ రేఖ గీస్తూ "ఇక్కడి నుంచి ఇలా కిందికి వస్తుంది" అంటే చూపు లేనివారికి అందేది ఏమీ ఉండదు. "ధర 10 రూపాయల నుంచి 8 రూపాయలకు తగ్గినప్పుడు కొనుగోలు 20 కిలోల నుంచి 30 కిలోలకు పెరిగింది, కాబట్టి రేఖ ఎడమ నుంచి కుడికి కిందికి వాలుతుంది" అని అంకెలతో చెబితే రేఖ మనసులో ఏర్పడుతుంది. ఇలా చెప్పడం మొదలుపెట్టాక, చిన్న తెర మీద గీత సరిగా కనబడని ఫోన్ విద్యార్థుల సందేహాలు కూడా తగ్గాయి.

పరీక్షల విషయంలో మూడుల్‌కు ఎక్కువ మార్కులు వేస్తాను. బొమ్మ మీద గుర్తులను మౌస్‌తో లాగి పెట్టే ప్రశ్నలు చూడటానికి ముచ్చటగా ఉంటాయి గాని, చూపు లేనివారికి వాటితో ప్రయోజనం లేదు. మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన "జతపరచండి" ప్రశ్నలో డ్రాప్‌డౌన్ జాబితా నుంచి జవాబు ఎంచుకుంటే సరిపోతుంది. అది కీబోర్డుతో ఇబ్బంది లేకుండా సాగుతుంది. అదనపు సమయం కావలసిన విద్యార్థికి ఒక్కరికే గడువు పెంచే వీలుంది, తక్కినవారికి అది కనిపించదు. ఎడిటర్‌లోని యాక్సెసిబిలిటీ చెకర్ (పాఠం అందరికీ అందేలా ఉందో లేదో చూసే పరికరం) వివరణ లేని బొమ్మలనూ, వెలవెలబోయే రంగులనూ పట్టి చూపిస్తుంది. బొమ్మకు "గ్రాఫ్" అని ఒక్క మాట రాసినా అది ఊరుకుంటుంది కాబట్టి వివరణ నాణ్యత మన బాధ్యతే.

చిన్న కళాశాలలు తీసుకునే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. మూడుల్‌తో వచ్చే ఉచిత బిగ్‌బ్లూబటన్ సేవలో ఒక తరగతి 60 నిమిషాలే, ఒకేసారి 25 మందే. రికార్డింగులు 7 రోజులకు పోతాయి, దించుకోవడానికీ వీలుండదు. ట్యుటోరియల్ బృందాలకు అది చాలు, నిండు తరగతికి చాలదు. సొంత సర్వర్ పెట్టుకోవాలంటే 8 ప్రాసెసర్ కోర్లు, 16 జీబీ మెమరీ, ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ తెలిసిన మనిషి కావాలి. యంత్రం ఖర్చు ఎలాగోలా సమకూరుతుంది. సెలవు రోజున సర్వర్ ఆగితే వచ్చి చూసే మనిషి దొరకడమే కష్టం.