కాటా స్లిప్పు ఎందుకు ఆలస్యమవుతోందో చూపించిన సీఅడ్వైజర్

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సర్వర్లు చూసుకునే పని నాది. తోతాపురి సీజన్ మొదలైతే గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరతాయి. టోకెన్, కాటా స్లిప్పు, రైతు బిల్లు అన్నీ మూడు పాత మెషిన్ల మీద కంటైనర్లలో (ఒక్కో ప్రోగ్రాంని విడిగా పెట్టి నడిపే డబ్బాల్లాంటివి) నడుస్తాయి, వాటిని చూసుకునే సాఫ్ట్‌వేర్ కుబర్నెటీస్. (ఇంత చిన్న చోట కుబర్నెటీస్ ఎందుకని నన్నడగొద్దు, నాకు ముందున్నాయన పెట్టి వెళ్లాడు.) ఏ కంటైనర్ ఎంత తింటోందో చూడటానికి గూగుల్ వాళ్ల ఓపెన్‌సోర్స్ టూల్ సీఅడ్వైజర్ వాడుతున్నా.

అసలు లెక్క రాసేది ఇది కాదు, లినక్స్ కెర్నెల్‌లోని (ఆపరేటింగ్ సిస్టం గుండెకాయలోని) సీగ్రూపులు, అంటే ఏ ప్రోగ్రాం ఎంత వాడాలో హద్దు పెట్టి లెక్క రాసే ఏర్పాటు. 2006లో గూగుల్‌లో మొదలై, 2008 జనవరిలో 2.6.24 కెర్నెల్‌తో బయటికొచ్చాయి. ప్రతి కంటైనర్‌కూ ఒక ఫోల్డర్, అందులో మెమొరీ.కరెంట్, సీపీయూ.స్టాట్ లాంటి ఫైళ్లు ఉంటాయి. వాటిని చదివి గ్రాఫులు గీయడమే సీఅడ్వైజర్ పని. కంటైనర్‌లోకి వెళ్లి ఫ్రీ కమాండ్ కొడితే మెషిన్ మొత్తం ర్యామ్ చూపిస్తుంది, దాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు.

కాటా దగ్గర కుర్రాడు పొద్దుట్నుంచీ ఒకటే ఫోన్: "ఏందన్నా, బండి కాటా దిగిపోయినా స్లిప్పు రాలేదు!" సీపీయూ గ్రాఫు చూస్తే సగటున లిమిట్‌లో సగం కూడా దాటలేదు. మెట్రిక్స్ పేజీ తెరిచి థ్రాటిల్డ్ పీరియడ్స్ అంకె (కోటా అయిపోయి కెర్నెల్ కంటైనర్‌ని ఎన్నిసార్లు ఆపిందో ఆ లెక్క) చూశాక విషయం బయటపడింది. అది నిమిషనిమిషానికీ పెరుగుతూనే ఉంది. ఆ కంటైనర్‌కి ఇచ్చిన లిమిట్ అర కోరు. అంటే ప్రతి 100 మిల్లీసెకన్లకు 50 మిల్లీసెకన్ల సీపీయూ. స్లిప్పు పీడీఎఫ్ తయారుచేసేటప్పుడు ప్రోగ్రాం నాలుగు థ్రెడ్లతో (పక్కపక్కనే నడిచే పనులతో) ఒకేసారి పరిగెడుతుంది. నాలుగూ కలిసి ఆ కోటాను పన్నెండున్నర మిల్లీసెకన్లలో ఊడ్చేసి, మిగతా ఎనభై ఏడున్నర మిల్లీసెకన్లూ చేతులు కట్టుకుని కూర్చుంటున్నాయి. సగటు గ్రాఫులో ఇది ఎప్పటికీ కనపడదు. లిమిట్ రెండు కోర్లు చేశాక కుర్రాడి ఫోన్లు ఆగాయి.

మెమొరీ విషయంలో కొంచెం జాగ్రత్త. డేటాబేస్ కంటైనర్ రోజంతా లిమిట్ అంచునే కనిపిస్తుంటే మా మేనేజర్ సార్ కొత్త ర్యామ్‌కి కొటేషన్ తెమ్మన్నారు. ఆ యూసేజ్ అంకెలో ఫైల్ క్యాష్ (డిస్కు ఫైళ్లకు ర్యామ్‌లో ఉంచుకున్న కాపీలు) కూడా కలిసి ఉంటుంది, అవసరమైతే కెర్నెల్ దాన్ని వదిలించుకుంటుంది. చూడాల్సింది వర్కింగ్ సెట్: యూసేజ్‌లోంచి ఇనాక్టివ్ ఫైల్ (ఆ క్యాష్‌లో ఈమధ్య వాడని భాగం) తీసేస్తే మిగిలేది. నోడ్‌లో (అంటే ఒక మెషిన్‌లో) మెమొరీ తక్కువైనప్పుడు ఏ పాడ్‌ని (కంటైనర్లుండే కట్టని) ఖాళీ చేయించాలో తేల్చడానికి కుబ్లెట్, అంటే ప్రతి మెషిన్‌లో కుబర్నెటీస్ తరఫున ఉండే ప్రోగ్రాం, కూడా దీన్నే చూస్తుంది. అది చూపించాక కొటేషన్ మాట మళ్లీ రాలేదు.

నచ్చనివీ ఉన్నాయి. మామూలుగా సీఅడ్వైజర్ గుర్తుపెట్టుకునేది రెండు నిమిషాల లెక్కే. నిన్న రాత్రి ఏం జరిగిందో కావాలంటే అంకెలు దాచిపెట్టే ప్రొమీథియస్ అనే ఇంకో టూల్ పెట్టుకోక తప్పదు, దానికి మళ్లీ డిస్కు, మళ్లీ కాపలా. సీఅడ్వైజర్‌ని విడిగా నడిపితే సెకనుకోసారి అన్ని ఫోల్డర్లూ తిరిగొస్తుంది, మా పాత మెషిన్లకు అదే ఒక భారం. పది సెకన్లకు మార్చాను. అప్పుడింకో తంటా, మధ్యలో సర్రున ఎగిరి పడిన మెమొరీ దీని కంట పడదు. కంటైనర్ చచ్చిపోతుంది, గ్రాఫు మాత్రం చల్లగా సగం దగ్గరే ఆగి ఉంటుంది. అలాంటప్పుడు పాడ్ డిస్క్రైబ్ కమాండ్ కొట్టి ఓఓఎంకిల్డ్ (మెమొరీ చాలక చంపేశారని గుర్తు), ఎగ్జిట్ కోడ్ 137 ఉన్నాయేమో చూసుకోవాల్సిందే. థ్రాటిల్ లెక్కకు మాత్రం ఈ బాధ లేదు, అది కెర్నెల్ కూడుకుంటూ పోయే మొత్తం కాబట్టి ఎంత ఆలస్యంగా చదివినా ఏదీ పోదు.

అయిదుకి నాలుగు ఇస్తాను. కుబ్లెట్ లోపల ఇది ఎలాగూ ఉంటుంది కాబట్టి, బొమ్మల పేజీ అక్కర్లేని వాళ్లు విడిగా పెట్టకుండా అక్కడి మెట్రిక్సే ప్రొమీథియస్‌కి ఇచ్చుకోవచ్చు. వచ్చే సీజన్‌కి నేనూ అదే చేద్దామనుకుంటున్నా.