హసుయిదా, యోషిదాదా? మొదటి ప్రింట్ ఏది కొంటే మేలు

టోక్యోలో మా ఇంటికొచ్చిన తెలుగువాళ్లు గోడ మీది ప్రింట్ (చెక్కిన చెక్క దిమ్మలకు రంగు పూసి కాగితం మీద అచ్చేసే జపాన్ బొమ్మ) చూసి అడిగే ప్రశ్న ఒకటే: మొదటిసారి కొనాలంటే ఆర్టిస్టుల్లో కవాసె హసుయి మేలా, యోషిదా హిరోషి మేలా? పోయిన నెల నాకూ అదే తేల్చుకోవాల్సి వచ్చింది. పాత పుస్తకాల పేట జింబోచోలో ఒక షాపాయన రెండూ పక్కపక్కన పెట్టాడు. నా దగ్గర డబ్బు ఒకదానికే ఉంది.

బొమ్మల సంగతి మీ ఇష్టానికే వదిలేస్తా. వాన, మంచు, దీపాలు పెట్టే వేళ అంటే హసుయి. కొండల మీద వెలుతురు అంటే యోషిదా. 1926 నాటి తెరచాప పడవల సెట్‌లో ఒకే దిమ్మలకు రంగులు మార్చి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అన్నీ తెప్పించాడాయన. 1930లో మన దేశం కూడా వచ్చి తాజ్‌మహల్, ఎల్లోరా, మధుర గుడి వేశాడు కాబట్టి మనవాళ్లకు ఆయనంటే ఇంకాస్త మోజు.

నా లెక్కలో అసలు తేల్చాల్సింది ఆ కాగితం ఎప్పుడు అచ్చయిందన్నది. దిమ్మలున్నంత కాలం ఆర్టిస్టు పోయాక కూడా అచ్చేయొచ్చు, ఇద్దరివీ అలా వేశారు. యోషిదా దగ్గర ఇది తేలిక. 1925 నుంచి సొంతంగా అచ్చు వేయించుకున్నాడు. అంచున 'జిజురి' (స్వయంగా అచ్చేసింది అని అర్థం) ముద్ర, కింద పెన్సిల్ సంతకం ఉంటే ఆయన కళ్లముందు అచ్చయినట్టే లెక్క. సంతకాన్ని వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూడండి, పెన్సిల్ గీత సన్నగా మెరుస్తుంది. ఇంతకుముందెప్పుడో నేను మొదట కొన్న యోషిదా ప్రింట్‌లో సంతకం మెరవలేదు. సంతకం కూడా అచ్చే. జిజురీ లేదు. నేను అడగలేదు, అమ్మినాయన చెప్పలేదు.

హసుయికి ఈ సుఖం లేదు. ఆయన పబ్లిషర్ వతనబె షోజబురో ముద్రలు కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి. 1923 భూకంపంలో వతనబె షాపూ దిమ్మలూ కాలిపోయాయి, అంతకు ముందువి మనబోటివాళ్లకు అందని ధర. అందేది యుద్ధం తర్వాతిది. 6 మిల్లీమీటర్ల గుండ్రటి ముద్ర ఉంటే 1957లో హసుయి పోయేలోపు వేసిందని లెక్క. కొలిచి చూడాల్సిందే. షాపులో స్కేలు తీయడానికి సిగ్గుపడకండి.

ఆ రోజు రెండూ ఈ పరీక్ష నెగ్గాయి. అప్పుడు వెనక్కి తిప్పాను. యోషిదా వెనక టేపు మరకలు, ముందు చుట్టూ మౌంటు వదిలిన గోధుమరంగు చార, ఎండకు పాలిపోయిన ఆకాశం. హసుయి వెనక మాత్రం కాగితంలోంచి నీలం రంగు ఊరి వచ్చింది, బారెన్‌తో (కాగితాన్ని దిమ్మ మీద అదిమే గుండ్రటి పనిముట్టు) రుద్దిన సుడులు అలాగే ఉన్నాయి. ఇంకేం ఆలోచించలేదు, హసుయినే కొన్నాను. నిజం చెప్పాలంటే, రెండూ శుభ్రంగా ఉన్నా హసుయి వైపే మొగ్గేవాణ్ణేమో.

ఒహారా కొసొన్ అనే ఆర్టిస్టు వేసిన పక్షుల ప్రింట్లు వీటికన్నా చవక, ఎవరికైనా ఇవ్వడానికి బాగుంటాయి. ఆర్టిస్టే గీసి, చెక్కి, అచ్చేసుకునే సోసాకు హంగా వేరే పిచ్చి, దాని జోలికి ఇప్పుడు పోను.

ఎండ పడని గోడకే తగిలించాను. జూన్‌లో త్సుయు వానలు మొదలయ్యాక చెమ్మ భయానికి దించి పెట్టెలో పెట్టేస్తా. ఆ నెలలో వచ్చినవాళ్లు మేకు గురించి అడుగుతారు.