చెక్కు మీద సంతకాన్ని కంప్యూటర్ చెక్ చేసే పద్ధతి, మా బ్యాంకు సర్వీస్ మీద రివ్యూ

5కి 3 ఇస్తున్నా, అది కూడా బ్రాంచిలో ఉన్న మేడమ్ వల్లే. బ్యాంకు పేరు రాయట్లేదు, ఇంట్లో చెక్కులు రాసే పెద్దవాళ్లున్న ఎవరికైనా పనికొచ్చే విషయం ఇది.

మా నాన్నగారు ముందు నుంచీ తెలుగులోనే సంతకం పెడతారు. ఇంటి పని చేసిన మేస్త్రికి ఇచ్చిన చెక్కు "సంతకం కలవలేదు" అని రిటర్న్ అయింది, అకౌంట్‌లో డబ్బులున్నాయి, సంతకం ఆయనదే, పైగా చార్జీ కూడా కోశారు. బ్రాంచికి వెళ్తే మేడమ్ స్క్రీన్ మావైపు తిప్పి చూపించారు. ఎడమపక్క అకౌంట్ తెరిచినప్పటి సంతకం కార్డు స్కాన్, కుడిపక్క చెక్కు మీది సంతకం, కింద రెండూ ఎంత కలిశాయో కంప్యూటర్ ఇచ్చిన స్కోరు ఎర్రగా. పాత స్కాన్‌లో చివరి అక్షరం కింద ఒత్తు సగం ఎగిరిపోయింది, కార్డు మీది అచ్చు గీత సంతకం మధ్యలోంచి పోయింది. కొత్తదాంట్లో గీతలన్నీ సన్నగా వణుకుతున్నాయి. "బాబాయ్ గారూ, ఇది మీదేనని నాకు తెలుస్తోందండీ, కానీ క్లియరింగ్, అంటే చెక్కు చూసి పాస్ చెయ్యడం, ఇక్కడ కాదు, సెంట్రల్ ఆఫీసులో అవుతుంది" అన్నారావిడ.

అసలు సమస్య ఆ వణుకు దగ్గరే ఉంది. దొంగ సంతకం పెట్టేవాడు చూసి మెల్లగా గీస్తాడు కాబట్టి గీత వణుకుతుంది, వయసు మీదపడ్డవాళ్ల చెయ్యీ అలాగే వణుకుతుంది. ట్యాబ్ మీద సంతకం పెడితే పెన్ను ఎంత స్పీడుగా కదిలింది, ఎక్కడ నొక్కింది అన్నీ తెలుస్తాయి. చెక్కులో అవేవీ ఉండవు, సీటీఎస్‌లో (చెక్కుల్ని ఫొటోలతో క్లియర్ చేసే పద్ధతి) చెక్కు కాగితం డిపాజిట్ చేసిన బ్యాంకులోనే ఉండిపోయి ఫొటో మాత్రమే మన బ్యాంకుకి వస్తుంది, గ్రే ఫొటో 100 డీపీఐ (అంగుళానికి 100 చుక్కలు), బ్లాక్ అండ్ వైట్ ఫొటో 200 డీపీఐ. అంత చిన్న బొమ్మని పాడైపోయిన ఒక్క పాత శాంపిల్‌తో పోలిస్తే ఏ సాఫ్ట్‌వేరైనా ఏం చేస్తుంది చెప్పండి. ఫోర్జరీలు పట్టుకోవడానికి మెషీన్ ఉండాల్సిందే, దాన్ని నేను తప్పుపట్టను, కానీ స్కోరు తక్కువొస్తే రిటర్న్ కొట్టేముందు కస్టమర్‌కి ఒక్క ఫోన్ చెయ్యాలి కదా! 2025 అక్టోబర్ 4 నుంచి క్లియరింగ్ రోజంతా నడుస్తోంది, పగలు వచ్చిన చెక్కులకి అదే రోజు సాయంత్రం ఏడులోపు బ్యాంకు అవునో కాదో చెప్పెయ్యాలి, ఈ తొందరలో పెద్దవాళ్ల చెక్కులు ఇంకా ఎక్కువ వెనక్కొస్తాయేమోనని నా భయం.

ఇది చిన్న విషయం కూడా కాదు, సంతకం కలవలేదని రిటర్న్ అయినా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్ (చెక్కుల చట్టం) సెక్షన్ 138 కింద చెక్ బౌన్స్ కేసు పెట్టొచ్చని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. మా మేస్త్రి మంచోడు కాబట్టి సరిపోయింది.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇప్పుడే బ్రాంచికి తీసుకెళ్లి కొత్త స్పెసిమన్ (శాంపిల్) సంతకం ఇప్పించండి, ఒకటి కాకుండా రెండు మూడు తీసుకుని స్కాన్ చెయ్యమనండి, స్కాన్ సరిగ్గా పడిందో లేదో స్క్రీన్ మీద చూసే రండి. 50 వేలు, ఆపైన చెక్కు రాస్తే పాజిటివ్ పేలో, అంటే రాసిన చెక్కు వివరాలు బ్యాంకుకి ముందే చెప్పే సదుపాయంలో, వివరాలు ఎక్కించండి, అది సంతకం చూడదు గానీ చెక్కు నెంబరు, తేదీ, పేరు, అమౌంట్ మీరిచ్చినవేనని బ్యాంకుకి తెలుస్తుంది.

కొత్త శాంపిల్ ఇచ్చాక నాన్నగారి చెక్కులు పాసవుతున్నాయి. కోసిన చార్జీ వెనక్కి ఇమ్మని లెటర్ పెట్టాం, ఇంకా జవాబు రాలేదు, వస్తే ఇక్కడే అప్‌డేట్ చేస్తా.