విశాఖలో సముద్రపు చేపలకు పరీక్ష: పాదరసం లెక్క తేలింది, పురుగుల సంగతి తేలలేదు

మా కోడలికి కాన్పయి నెల తిరిగేసరికి, పాలసొర అనే చిన్న సొరచేప వండిపెడితే పాలు పడతాయని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబట్టారు. మన తీరంలో బాలింతలకు పాలసొర పెట్టడం తరాలుగా వస్తున్నదే; అమెరికా ఆహార, ఔషధ సంస్థ మాత్రం, వాటిలో పాదరసం ఎక్కువ గనుక గర్భిణులు, బాలింతలు సొరచేపల జోలికే పోవద్దంటుంది. ఎటూ తేల్చుకోలేక, ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున రెండు పాలసొరలు కొని, ఒకదాన్ని నగరంలోని ఒక ప్రైవేటు పరీక్షాశాలకు ఇచ్చి, రెండోదాన్ని ఫలితం వచ్చేదాకా ఇంట్లోనే ఉంచాను.

పాదరసం విషయంలో వారి పనిని తప్పుపట్టడానికి లేదు. నమూనాను మంచుపెట్టెలోనే తీసుకున్నారు, ఏ యంత్రంపై పరీక్షించారో రాశారు, చెప్పిన ఎనిమిదో రోజున నివేదిక చేతికిచ్చారు. కిలో కండలో 0.40 మిల్లీగ్రాముల పాదరసం ఉందని, సొరచేపకు కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) పరిమితి 1.6 మిల్లీగ్రాములు గనుక ఇది ‘పరిమితికి లోబడి ఉంది’ అని అందులో ఉంది. చాలామంది ఈ మాట దగ్గరే ఆగిపోతారు. కానీ ఆ పరిమితి సరుకును అమ్మవచ్చా లేదా అన్నదానికి సంబంధించినది. ఎంత తినవచ్చో అది చెప్పదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ), ప్రపంచ ఆరోగ్య సంస్థల సంయుక్త నిపుణుల సంఘం 2003లో నిర్ణయించిన ప్రకారం, వారానికి శరీర బరువులో కిలోకు 1.6 మైక్రోగ్రాములకు మించి మిథైల్ పాదరసం ఒంట్లోకి పోకూడదు. చేప కండలోని పాదరసంలో చాలా భాగం ఈ రూపంలోనే ఉంటుంది కాబట్టి, 55 కిలోల బరువున్న మా కోడలికి వారానికి 88 మైక్రోగ్రాములు, అంటే ఈ చేపలో 220 గ్రాములు. మా ఇంట్లో పులుసు పెడితే ఒక్కపూట మనిషికి పడే ముక్కలు దాదాపు అంతే ఉంటాయి. మూడు వేల చిల్లర తీసుకున్నవారు ఈ చిన్న లెక్క కూడా నివేదికలో వేసి ఇచ్చి ఉంటే బాగుండేది.

నా అసంతృప్తి అసలు వేరే చోట ఉంది. ‘కడుపు తీసి, శుభ్రం చేసి తీసుకురండి’ అని ఫోన్‌లో ముందే చెప్పారు. ఇంట్లో రెండో సొర పేగును చీల్చి చూస్తే, మెలికల మడతల మధ్య సేమ్యా పోగుల్లా తెల్లని బద్దెపురుగులు అంటుకుని ఉన్నాయి. వాటిని సీసాలో వేసి, కాలేయం ముక్కతో సహా మర్నాడు పట్టుకెళ్లి, వీటిలో కాడ్మియం, సీసం ఎంతున్నాయో చూడమని అడిగాను. కౌంటర్‌లోని అబ్బాయి, “పురుగుల్ని ఎవరు తింటారండీ?” అని నవ్వాడు. ఎవరూ తినరు, నిజమే. ఉడికిస్తే అవి చస్తాయి కూడా. పాదరసం అలా కాదు, ఎంత ఉడికించినా కండను వదలదు. అయితే పేగులోని ఈ పురుగులు కొన్ని లోహాలను తమలోకి ఎంతగా లాక్కుంటాయంటే, జర్మనీలోని రూర్ నది చేపలపై 1994లో వచ్చిన ఒక పరిశోధనలో, ముళ్లతల పురుగు (చేప పేగులో బతికే మరో రకం పరాన్నజీవి) ఒంట్లో సీసం దాన్ని మోస్తున్న చేప కండలో కంటే 2,700 రెట్లు ఎక్కువగా తేలింది. అది మంచినీటి చేప సంగతే అయినా, కండలో దొరకని లోహం ఆ నీటిలో ఉందో లేదో పురుగును అడిగితే తెలుస్తుందన్నది సముద్రానికీ వర్తిస్తుంది. నివేదికలో మాత్రం ‘పరాన్నజీవులు: ఉన్నాయి’ అని ఒక్క ముక్క రాశారు. ఏ జాతివో లేదు, ఎన్నో లేదు. సీసా తిరిగి అడిగితే పారేశామన్నారు.

కాడ్మియం గడిలో ‘కనబడలేదు’ అని ఉంది, ఎంత మోతాదు నుంచి కనబడుతుందో లేదు. కాడ్మియం ప్రధానంగా చేరేది కాలేయంలో, మూత్రపిండాల్లో. కండను మాత్రమే పరీక్షించి ఆ మాట రాయడం వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. పరీక్షాశాలలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందని గోడపై పెద్ద అక్షరాలతో రాసుకున్నారు గానీ, ఆ గుర్తింపు పరీక్షకు పరీక్షకు విడివిడిగా ఉంటుంది. మీరు చేయించబోయే పరీక్ష ఆ జాబితాలో ఉందో లేదో డబ్బు కట్టేముందే చూసుకోండి.

పాదరసం కోసమైతే మళ్లీ వీరి దగ్గరికే వెళతాను, మిగతా వాటికి వెళ్లను. ఫ్రీజర్‌లో ఉంచిన రెండో పాలసొరను పెద్దవాళ్లం పంచుకుని తిన్నాం. కోడలికి ఆ పూట నెత్తళ్ల పులుసు పెట్టాం.