ఏడేళ్ళలో ఐదుసార్లు: అనంతగిరి, సోమశిల, నల్లమల కారు ట్రిప్

మా బావమరిది ఒకరోజు ఫోన్‌లో ఏదో దీవి ఫొటోలు చూపించి, "అగ్నిపర్వతం, బీచ్, అడవి, మూడూ ఒకే ట్రిప్‌లో బావా!" అని ఊరించాడు. పంతానికి పోయి మహబూబ్‌నగర్ నుంచే అలాంటి దారి ఒకటి వేసుకున్నా. పరిగి మీదుగా అనంతగిరి, వెనక్కి వచ్చి కొల్లాపూర్ వైపు సోమశిల, అక్కణ్ణుంచి అచ్చంపేట, మన్ననూర్, దోమలపెంట. మూడు రోజులు. ఏడేళ్ళలో ఐదుసార్లు తిరిగాం.

అగ్నిపర్వతం అన్నానని పొగ, నిప్పు ఊహించుకోకండి. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కన్‌లో పారిన లావా వికారాబాద్ దాకా వచ్చింది. అటు దగ్గరపడే కొద్దీ మన పాలమూరు గుండ్లు తగ్గిపోయి బల్లపరుపు గుట్టలు మొదలవుతాయి. అనంతగిరి ఎర్రరాయి ఆ లావా రాయి చివికితే మిగిలిందే. చేతిలోకి తీసుకుంటే చీమలపుట్ట పెళ్ళలా అన్నీ తొర్రలు, వేళ్ళకు కుంకుమలా అంటుకుంటుంది. నాకు నచ్చింది. పిల్లలకు పది నిమిషాల్లో బోర్ కొట్టింది. ఆదివారం మాత్రం వెళ్ళొద్దు, జాతరే.

సోమశిలలో కాలం చూసుకోవాలి. శ్రీశైలం రిజర్వాయర్ 885 అడుగులకు నిండినప్పుడు వెళ్తే నీళ్ళు బ్రహ్మాండంగా ఉంటాయి కానీ ఒడ్డే ఉండదు. మొదటిసారి అక్టోబర్‌లో వెళ్ళి మెట్ల మీద కూర్చుని వచ్చాం. మార్చిలో వెళ్తే కృష్ణ వెనక్కి తగ్గి, కిందికి నడిచేంత నేల తేలుతుంది. పొద్దున్నే పుట్టిలో చేపలోళ్ళు వల తీస్తుంటారు. ఆ ఉషారులో నేను కారు నీళ్ళ దాకా దింపా. పైన ఇసుకలా ఉంది, పొర కింద అంతా ఒండ్రు. ముందు చక్రాలు సగం దాకా దిగిపోయాయి. ట్రాక్టర్‌తో లాగిన పెద్దాయన తాడు విప్పుతూ, "సారూ, గిది బీచ్ గాదు, మునిగిన పొలం" అన్నాడు. ప్రాజెక్టులో మునిగిన ఊళ్ళ మీద కారు నడిపానని అప్పుడు తట్టింది. అప్పట్నుంచి కారు గట్టు మీదే.

అసలు సముద్రం మాత్రం గుట్ట మీద ఉంది. అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరంలో గుడి మీదికి వంగిన ఆ పెద్ద బండ వంద కోట్ల ఏళ్ళకు పైబడిన ఇసుకే, బిగుసుకుని రాయయింది. నల్లమల కూడా అగ్నిపర్వతమే అని చాలామంది అనుకుంటారు, కాదు. ఓ పలక మీద మా చిన్నది వేలు పెట్టి, "నాన్నా, అలలు" అంది. నిజంగానే, తడి ఇసుక మీద నీళ్ళు గీసినట్టు వరస గీతలు. ఈ ట్రిప్ మొత్తానికి నాకు అదే ఖరీదైన దృశ్యం.

అడవిలో పులి కోసం వెళ్ళేవాళ్ళకు ముందే చెప్తున్నా: ఐదు ట్రిప్పుల్లో ఒక్కటీ కనిపించలేదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,600 చదరపు కిలోమీటర్ల పైమాటే, పులికి మనతో ఏం పని? వానాకాలంలో సఫారీ కూడా ఉండదు. ఫిబ్రవరి చివర్లో మోదుగ పూస్తుంది, అప్పుడు వెళ్ళండి. వటవర్లపల్లి దగ్గర మల్లెలతీర్థం మెట్లు దిగేటప్పుడు హాయే, ఎక్కేటప్పుడు మా అత్తమ్మ నన్ను తిట్టని తిట్టు లేదు. కోతులకు అరటిపండ్లు వేయడం దయచేసి మానండి. పండు కోసం రోడ్డు మీదికొచ్చి బండ్ల కింద పడుతున్నాయి.

మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి 9కి మూస్తారు, మళ్ళీ పొద్దున 6కే. మూడో ట్రిప్‌లో అచ్చంపేటలో టీ తాగుతూ కబుర్లలో పడి 9:10కి చేరాం. బతిమాలినా వదల్లేదు, వదలకపోవడమే కరెక్టు. నలుగురం కారులోనే ముడుచుకుని పడుకున్నాం. తెల్లవారుజామున అద్దం కొంచెం దించితే చల్లగాలి, ఎండుటాకుల వాసన, గేటు అవతల ఎక్కడో ఒక నెమలి కేక.